సైకాలజీకి తాత్కాలిక అధ్యాపకులను తీసుకుంటున్నాం, ఇంటర్వ్యూలో ఏం చూడాలి?

తంగేడుచెట్టు | నవంబరు 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. జిల్లా కేంద్రంలోని ఒక యూనివర్సిటీ కాలేజీలో పనిచేస్తున్నాను. నా సబ్జెక్టు ఫిలాసఫీ. మా సైకాలజీ మేడమ్ జూన్‌లో రిటైరయ్యారు, ఆ పోస్టు ఇంకా భర్తీ కాలేదు. "రెండూ మనసుకు సంబంధించినవే కదా" అంటూ ఆ డిపార్ట్‌మెంటు తాళంచెవులు నా చేతిలో పెట్టారు. మొదటి సెమిస్టరు ఎలాగో నెట్టుకొచ్చాను. ఫ్రాయిడ్ దాకా ఇబ్బంది లేదు. స్టాటిస్టిక్స్ యూనిట్ వచ్చేసరికి పిల్లలే నా మీద జాలిపడ్డారు.

డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఇద్దరిని తాత్కాలికంగా తీసుకోవడానికి అనుమతి వచ్చింది. బీఏ మూడేళ్లూ కలిపి 140 మంది పిల్లలు. జీతం గంటల లెక్కన. ఇప్పటికి 11 దరఖాస్తులు వచ్చాయి. అర్హతలు సర్టిఫికెట్లు చూస్తే తెలిసిపోతాయి. పాఠం చెప్పగలరో లేదో పావుగంట డెమోలో ఎలా తేల్చుకోవాలి? బోర్డులో సబ్జెక్టు నిపుణులు ఒకరు ఉంటారు, ఆయన అడిగేవి ఆయన అడుగుతారు. ఆయన పక్కన కూర్చుని నేను ఏం అడగాలి?

స్టాప్‌వాచ్ | నవంబరు 18, రాత్రి 10:25

ముందు మీ ల్యాబ్ బీరువా తెరవండి సార్. చాలా కాలేజీల్లో సైకాలజీ ల్యాబ్ అంటే ఒక బీరువా, ఒక పొడవాటి బల్ల, నాలుగు స్టాప్‌వాచ్‌లు. వాటిలో రెండు నడవవు. వెతికితే ముల్లర్-లయర్ పలక (గీతల పొడవులో కన్ను ఎంత మోసపోతుందో కొలిచేది), అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పరికరం దొరుకుతాయి. ఇంటర్వ్యూ గదిలో బల్ల మీద ఆ రెండూ పెట్టి ఉంచండి.

ముల్లర్-లయర్ పలక మీద రెండు గీతలుంటాయి. ఒకదాని చివర బాణాలు లోపలికి ముడుచుకుని, రెండోదాని చివర బయటికి విచ్చుకుని ఉంటాయి. రెండూ సమానంగా అనిపించేదాకా ఒకదాన్ని జరపాలి. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. మీరు అడగవలసింది ఇది: "సగం సార్లు పొడవు నుంచి కురచకు, సగం సార్లు కురచ నుంచి పొడవుకు ఎందుకు జరిపిస్తారు? మధ్యలో పలకను కుడి ఎడమలకు ఎందుకు తిప్పుతారు?" చెయ్యి కదిలే దిశ వల్ల కొంత, పలక ఉన్న వైపు వల్ల కొంత పొరపాటు వస్తుంది. ఆ పొరపాట్లు ఒకదానికొకటి చెల్లుకు చెల్లు కావాలని అలా చేస్తారు. పిల్లల పక్కన నిలబడి ప్రయోగం చేయించినవాళ్లకు ఈ జవాబు నాలుక చివరే ఉంటుంది. గైడు చూసి రికార్డు రాయించినవాళ్లు కిటికీ వైపు చూస్తారు.

నేను కూర్చున్న ఒక బోర్డులో ఒక పీహెచ్‌డీ అభ్యర్థి అద్దం పరికరాన్ని తలకిందులుగా పెట్టి, నక్షత్రాన్ని నేరుగా చూస్తూ చకచకా గీసేశారు. సున్నా తప్పులు! పిల్లల చేయి నేరుగా కనబడకుండా అడ్డుపలక ఉండాలని ఆయనకు తట్టనే లేదు.

గంటకింత | నవంబరు 19, ఉదయం 7:15

"జీతం గంటల లెక్కన" అని ఒక్క ముక్కలో దాటేశారు సార్. అసలు చర్చ అక్కడే మొదలవ్వాలి.

అతిథి అధ్యాపకులకు లెక్చరుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వాలని యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2019లో చెప్పింది. అది ఎంతమంది చేతికి అందుతోందో ఇక్కడున్నవాళ్లే చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్లకు గంటకు 390, నెలకు 72 గంటలు, అంటే నెలంతా నిండుగా పనిచేస్తే 28,080. యూనివర్సిటీలో కొత్తగా చేరే అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనమే 57,700. మిగిలిన భత్యాలు వేరు.

సైకాలజీలో లెక్కకు రాని గంటలు ఇంకా ఎక్కువ. పోయిన ఏడాది నేను 48 ప్రాక్టికల్ రికార్డులు దిద్దాను. ఒక్కోదానిలో పది ప్రయోగాలు. ప్రయోగానికి మూడే మూడు నిమిషాలు వేసుకోండి, 24 గంటలు. అంటే నాకు నెల పనిలో మూడో వంతు. దానికి ఒక్క రూపాయి రాలేదు. "గంట కొట్టినప్పుడు క్లాసులో లేరు కదా" అన్నారు గుమస్తా గారు. ఆయన తప్పేమీ లేదు, రిజిస్టరులో ఆ గడి లేదు.

గుజరాత్‌లో నెలకు 30,000కు పనిచేస్తున్న కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, సభల్లో గురుబ్రహ్మ గురువిష్ణు అని వల్లిస్తూ కూర్చుంటే సరిపోదని గట్టిగానే అన్నది. మన కాలేజీల్లో ఆ శ్లోకం ఇంకా బాగానే వినబడుతోంది.

తంగేడుచెట్టు | నవంబరు 19, ఉదయం 8:50

మీ కోపం సరైనదే. గంటకు ఎంత అన్నది నా చేతిలో లేదు, నోటిఫికేషన్‌లోనే వచ్చేసింది. నా చేతిలో ఉన్నవి రెండే: టైమ్‌టేబుల్, హాజరు రిజిస్టరు. వాటితో ఏదైనా చేయగలిగితే చెప్పండి, చేస్తాను.

పాతనోట్సు | నవంబరు 19, ఉదయం 11:30

నేను రిటైరై ఆరేళ్లయింది. ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు చేసినవి చెబుతాను.

తాత్కాలికంగా వచ్చేవాళ్లకు రోజుకు ఒక గంట చొప్పున ఆరు రోజులు వేయకండి. చూడటానికి టైమ్‌టేబుల్ ముచ్చటగా ఉంటుంది, వాళ్ల సంపాదన మాత్రం బస్సు టికెట్లకే సరిపోతుంది. మూడు రోజులు నిండుగా వేస్తే మిగతా మూడు రోజులు ఇంకోచోట చెప్పుకుంటారు. రికార్డులు దిద్దడాన్ని ప్రాక్టికల్ పీరియడ్‌లోనే పెట్టండి. రెండు గంటల ప్రాక్టికల్‌లో చివరి అరగంట పిల్లలు వరుసగా వచ్చి దిద్దించుకుంటారు, మేడమ్ ఎదురుగా కూర్చుని అక్కడికక్కడే తప్పు చూపిస్తారు. ఆ అరగంట రిజిస్టరులో ఉంటుంది, డబ్బులూ వస్తాయి. రికార్డు మార్చి నెలలో మూటగట్టి ఇచ్చే బాధ కూడా తప్పుతుంది.

ఇంకొకటి. ఏప్రిల్ జీతం ఆగస్టులో వస్తుంది. ఆ మాట ఇంటర్వ్యూ రోజునే చెప్పండి. చెప్పకపోతే వాళ్లు ఇంటద్దె విషయంలో మాటపోగొట్టుకుంటారు.

గంటకింత | నవంబరు 19, మధ్యాహ్నం 1:05

ఏప్రిల్ జీతం నాకు అక్టోబరులో వచ్చింది. మిగతాదంతా ఒప్పుకుంటున్నాను, ఆ అరగంట ఉపాయం ముఖ్యంగా.

టెట్‌మాస్టారు | నవంబరు 19, రాత్రి 8:20

సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నాది ఎంఈడీ. ఆరేళ్లుగా కోచింగ్ సెంటర్లో టెట్, డీఎస్సీ అభ్యర్థులకు సైకాలజీ చెబుతున్నాను. పావ్లోవ్, థార్న్‌డైక్, కోహ్లర్, పియాజే, కోల్‌బర్గ్ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బ్యాచ్‌కు 300 మంది వింటారు. డిగ్రీలో 140 మందికి చెప్పలేనా? సర్టిఫికెట్ మీద సైకాలజీ అన్న మాట లేదని పిలవనే పిలవరు.

స్టాప్‌వాచ్ | నవంబరు 19, రాత్రి 9:00

మాస్టారూ, నియమం చెబితే కోపం తెచ్చుకోకండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సంబంధిత సబ్జెక్టులో 55 శాతంతో పీజీ ఉండాలి, దానికి తోడు నెట్ లేదా సెట్ (అధ్యాపక అర్హత పరీక్షలు) కావాలి. నిబంధనలకు లోబడి చేసిన పీహెచ్‌డీ ఉంటే నెట్ మినహాయింపు.

నియమం పక్కన పెట్టినా, టెట్ సైకాలజీ అంతా అభ్యసనం, వికాసం, మూర్తిమత్వం చుట్టూ తిరుగుతుంది. డిగ్రీలో నాడీవ్యవస్థ ఉంది, పరిశోధన పద్ధతులు ఉన్నాయి, స్టాటిస్టిక్స్ ఉంది, మానసిక రుగ్మతలు ఉన్నాయి. కోహ్లర్ కోతి పేరు సుల్తాన్ అని బిట్టు గుర్తుపెట్టుకోవడానికీ, ఆ ప్రయోగం అంతర్దృష్టినే, అంటే ఉపాయం ఒక్కసారిగా తట్టడాన్నే, చూపించిందా అని ప్రశ్నించడానికీ తేడా ఉంది.

టెట్‌మాస్టారు | నవంబరు 19, రాత్రి 9:18

కోతి కాదు, చింపాంజీ. బిట్టు పేపర్లో మార్కు పోతుంది.

స్టాప్‌వాచ్ | నవంబరు 19, రాత్రి 9:21

ఒప్పుకున్నాను. ఒక మార్కు మీకు.

పాతనోట్సు | నవంబరు 20, ఉదయం 6:40

మాస్టారి దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది, తెలుగు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు మీ క్లాసులో సగం మందైనా ఉంటారు. తిండికి ముందు రోజూ గంట కొడితే కొన్నాళ్లకు గంట వినగానే కుక్కకు లాలాజలం ఊరుతుంది, ఆ నేర్చుకోవడాన్ని (క్లాసికల్ కండిషనింగ్) "శాస్త్రీయ నిబంధనం" అని బోర్డు మీద రాస్తే వాళ్లకు ఏం తడుతుంది? నిబంధన అంటే రూలు, శాస్త్రీయం అంటే సైన్సుది. సైన్సు రూలు అనుకుంటారు! పావ్లోవ్ కుక్క, గంట, లాలాజలం అన్నీ బట్టీపట్టి, ఇందులో రూలు ఎక్కడుందా అని వెతుక్కుంటారు. ఒక ఏడాది ఒక అబ్బాయి నన్ను అడిగేశాడు కూడా.

"ఋణాత్మక పునర్బలనం" (నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్) ఇంకా ఘోరం. పదిమందిలో తొమ్మిదిమంది దాన్ని శిక్ష అని రాస్తారు. రాసేవాళ్లలో పాఠం చెప్పేవాళ్లూ ఉన్నారు. తంగేడుచెట్టు గారూ, మీరు వెతుకుతున్న ప్రశ్న ఇదే. పుస్తకంలో లేని ఉదాహరణతో ఋణాత్మక పునర్బలనాన్ని తెలుగులో చెప్పమనండి. దోమలు కుడుతున్నాయని చక్రం వెలిగించాం, దోమలు పోయాయి, రేపు సాయంత్రం అడగకుండానే వెలిగిస్తాం. ఇష్టంలేనిది తొలగడం వల్ల చేసిన పని బలపడింది, ఇక్కడ శిక్ష ఎక్కడా లేదు. ఇలాంటిది అరనిమిషంలో చెప్పగలిగితే పీజీ ఎక్కడ చేశారన్నది నేనైతే పట్టించుకోను.

చివరిబెంచి | నవంబరు 20, సాయంత్రం 4:45

నేను ఫైనలియర్ విద్యార్థిని. పెద్దల చర్చలో దూరుతున్నందుకు క్షమించండి.

మూడేళ్లలో మాకు సైకాలజీ చెప్పడానికి ఐదుగురు వచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరూ "సరే, మొదటి నుంచి మొదలుపెడదాం" అన్నారు. దాంతో 1879లో లైప్‌జిగ్‌లో వుంట్ మొదటి సైకాలజీ ప్రయోగశాల పెట్టిన సంగతి ఐదుసార్లు విన్నాం. సామాజిక మనోవిజ్ఞానం చివరి రెండు యూనిట్లు ఒక్కసారి కూడా వినలేదు. పరీక్షలో మాత్రం అవే వచ్చాయి.

ఎవరూ చెడ్డగా చెప్పలేదు. ఒక మేడమ్ అయితే అద్భుతంగా చెప్పేవారు. పిల్లల పేర్లు గుర్తుపట్టేసరికి ఆమె నియామకపు ఆర్డరు గడువు అయిపోయింది.

మేడమీదిగది | నవంబరు 20, రాత్రి 11:10

రెండు రోజులుగా చదువుతున్నాను. ఎవరూ కౌన్సెలింగ్ మాట ఎత్తలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

హిస్టరీకి తాత్కాలికంగా వచ్చినవాళ్లు పాఠం చెప్పి వెళ్లిపోవచ్చు. సైకాలజీకి వచ్చినవాళ్లకు ఆ వీలు లేదు. నేను చేరిన రెండో వారంలో ప్రిన్సిపల్ పిలిచి, "మేడమ్, పిల్లలు కొంచెం డల్‌గా ఉంటున్నారు, మీరు చూస్తూ ఉండండి" అన్నారు. పై అంతస్తులో స్టోరు గదిని ఖాళీ చేయించి రెండు కుర్చీలు వేయించారు. తలుపు మీద "కౌన్సెలింగ్ సెంటర్" అని కంప్యూటర్ ప్రింటు అంటించారు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చినప్పుడు ఆ గదికి కర్టెన్ కూడా వచ్చింది. నాకు జీతం గంటకు ఇంత, క్లాసుకు మాత్రమే.

నేను చదివింది ఎంఏ. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే ప్రత్యేక శిక్షణ పొంది రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. ఆ సంగతి రాతపూర్వకంగా ఇచ్చాను. "అబ్బే, మందులూ మాకులూ ఏం వద్దు మేడమ్, ఊరికే మాట్లాడండి" అన్నారు.

పిల్లలు వచ్చారు. ఒక అమ్మాయి ప్రతి గురువారం వచ్చేది. మొదటి మూడు వారాలు దాదాపు ఏమీ మాట్లాడలేదు. నాలుగో వారం మాట్లాడింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. పెద్దాసుపత్రికి తీసుకువెళ్లేందుకు ఇంట్లోవాళ్లను ఒప్పించడానికి ఇంకో నెల పట్టింది. ఏప్రిల్ 20న నా ఆర్డరు ముగిసింది. జూన్‌లో నాకు బదులు ఇంకొకరిని తీసుకున్నారు. గురువారం ఆ పిల్ల మెట్లెక్కి ఆ గది దాకా వెళ్లి, తాళం చూసి తిరిగి వెళ్లిందని అటెండరు చెప్పాడు. ఆఖరి రోజున మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోను నంబరు 14416 కాగితం మీద రాసి ఇచ్చాను. అంతకంటే ఏం చేయగలిగేదాన్నో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.

పైగా ఇంటర్నల్ మార్కులు వేసేదీ నేనే. పొద్దున నాతో ఇంట్లో సంగతులు చెప్పుకుని ఏడ్చిన పిల్లకు మధ్యాహ్నం 20కి 11 వేశాను. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయకూడదని నేనే మూడో సంవత్సరం వాళ్లకు పాఠం చెప్పాను.

విశాఖలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలన్నది. మంచిదే. ఆ కాగితం వచ్చాక చాలా కాలేజీల్లో ఆ ఖాళీలో ఎవరి పేరు రాస్తున్నారో ఊహించండి. ఏప్రిల్ 20న వెళ్లిపోయేవాళ్ల పేరు.

తంగేడుచెట్టు | నవంబరు 21, ఉదయం 5:55

మేడమ్, రాత్రి మీది చదివాక లేచి మా నోటిఫికేషన్ తీసి చూశాను. విధుల జాబితాలో ఏడోది: "అవసరాన్ని బట్టి విద్యార్థులకు కౌన్సెలింగ్ నిర్వహించుట." పాత నోటిఫికేషన్ నుంచి ఎత్తి నేనే టైపు చేశాను. చదవకుండా చేశాను.

పాతనోట్సు | నవంబరు 21, ఉదయం 7:30

ఆ ఏడో విధిని కొట్టివేయించండి. కొట్టివేయించలేకపోతే ఆ గంటలు వేరుగా లెక్కగట్టమనండి, ఆ పిల్లల మార్కులు ఇంకొకరు వేసేలా చూడండి. ఏప్రిల్ తర్వాత ఎవరికి అప్పగించాలో డిసెంబరులోనే పేరు రాయించుకోండి.

డాలస్‌డాబా | నవంబరు 21, మధ్యాహ్నం 12:15

అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో తాత్కాలికంగా సైకాలజీ ప్రవేశ కోర్సు చెబుతున్నాను. ఇక్కడా కథ గొప్పగా ఏమీ లేదు. కోర్సుకు ఇంత అని ఇస్తారు, ఆరోగ్య బీమా ఉండదు. ఒకసారి చాలినంతమంది చేరలేదని క్లాసులు మొదలయ్యే వారం ముందు నా సెక్షనే రద్దు చేశారు. అప్పటికి పాఠాలన్నీ తయారుచేసుకుని కూర్చున్నాను.

అయితే చివరిబెంచి చెప్పిన ఐదు వుంట్‌ల సమస్య ఇక్కడ లేదు. చేరిన రోజే ఒక ఫోల్డరు చేతికి వస్తుంది. ఏ వారం ఏ అధ్యాయం, ప్రశ్నల నిధి, పోయిన సెమిస్టరు పరీక్షపత్రాలు, ఎవరైనా క్లాసులో ఇబ్బందిలో ఉన్నట్టు కనిపిస్తే ఏ ఆఫీసుకు పంపాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆ చివరిది ముఖ్యం. నేను పంపడం వరకే, చూసుకునేవాళ్లు వేరే ఉంటారు. ఫోల్డరు తయారు చేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు, ఎవరో ఒకరు రెండు ఆదివారాలు కూర్చోవాలి.

దూరవిద్య | నవంబరు 21, రాత్రి 8:40

ఒక చిన్న సందేహం. నేను ఎంఏ సైకాలజీ దూరవిద్యలో 2019లో పూర్తిచేశాను, సెట్ కూడా ఉంది. 2025 జూలై-ఆగస్టు సెషను నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ అన్నది కదా, ఇంటర్వ్యూల్లో నా డిగ్రీని పక్కన పెట్టేస్తారా?

స్టాప్‌వాచ్ | నవంబరు 21, రాత్రి 9:10

అది కొత్త ప్రవేశాలు ఆపమన్న ఆదేశం. గుర్తింపు ఉన్న సంస్థలో అప్పటికే పూర్తిచేసిన డిగ్రీకి దానితో సంబంధం లేదు. ఎవరైనా ముఖం చిట్లిస్తే ముల్లర్-లయర్ పలక తెమ్మనండి, చేసి చూపించండి.

తంగేడుచెట్టు | డిసెంబరు 3, రాత్రి 10:05

ఇంటర్వ్యూలు అయ్యాయి. 11 మందిలో ఎనిమిదిమంది వచ్చారు. డెమోకు రెండో సంవత్సరం పిల్లలను నిజంగానే కూర్చోబెట్టాం.

ఒకాయన 24 స్లైడ్లతో వచ్చారు. ఆరో స్లైడు దగ్గర కరెంటు పోయింది. కరెంటు వచ్చేదాకా ఆయనా పిల్లలూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంకొకరు ఋణాత్మక పునర్బలనం అనగానే బెత్తం దెబ్బల గురించి మొదలుపెట్టారు. పాతనోట్సు గారు గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నాను.

ఐదో అభ్యర్థి ఒక అమ్మాయి. వయసు ఇరవై ఆరో ఇరవై ఏడో. దోమల చక్రం నేను చెప్పలేదు, ఉదాహరణ చెప్పమని మాత్రమే అడిగాను. కాసేపు ఆలోచించి, "మా అక్క కొడుకు అన్నం దగ్గర ఏడుస్తాడు సార్. అక్క ఫోను ఇస్తుంది. ఏడుపు ఆగుతుంది. వాడికి ఫోను వచ్చింది, కాబట్టి రేపూ ఏడుస్తాడు. అక్కకు ఏడుపు పోయింది, కాబట్టి రేపూ ఫోను ఇస్తుంది. వాడిది ధనాత్మకం, అక్కది ఋణాత్మకం. ఇద్దరూ ఒకరికొకరు పాఠం చెప్పుకుంటున్నారు" అంది. సబ్జెక్టు నిపుణులు పెన్ను కింద పెట్టారు. వెనక బెంచీలో ఒకడు "మా ఇంట్లో కూడా అంతే మేడమ్" అన్నాడు. అప్పటికే మేడమ్ అనేశాడు!

ఆమెను, ఇంకొకరిని ఎంపిక చేశాం. రెండో ఆయనకు మరునాడే ఒక ప్రైవేటు స్కూల్లో పన్నెండు నెలల జీతంతో ఉద్యోగం వచ్చింది, రానన్నారు. తప్పుపట్టలేను. వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి కబురు పంపాం.

మూడు రోజులు నిండుగా వేశాను. దిద్దే అరగంట రిజిస్టరులోకి ఎక్కింది. ఏడో విధి కొట్టివేయడానికి ప్రిన్సిపల్ గారు ఒప్పుకున్నారు, కానీ ఒకటి అడిగారు: "మరి కోర్టు చెప్పిన కౌన్సెలర్ ఎవరని పైవాళ్లకు రాయాలి?" ఒక పోస్టు మంజూరు చేయమని ఫైలు పెట్టాం. అది కదిలేదాకా వారానికి ఒకరోజు రాగలరా అని జిల్లా ఆసుపత్రిని అడుగుతూ ఉత్తరం రాశాం. జవాబు ఇంకా రాలేదు.

ఫోల్డరు మొదలుపెట్టాను. మొదటి పేజీలో "వుంట్ అయిపోయాడు, రెండో యూనిట్ నుంచి చెప్పండి" అని రాశాను.

మేడమీదిగది | డిసెంబరు 3, రాత్రి 10:40

ఆ ఉత్తరం నకలు ఆ అమ్మాయికి కూడా ఇవ్వండి సార్. పిల్లలు ఎలాగూ ముందు ఆమె దగ్గరికే వస్తారు.

తంగేడుచెట్టు | డిసెంబరు 3, రాత్రి 10:52

ఇస్తాను మేడమ్. స్టాప్‌వాచ్ గారూ, మీకొక ప్రశ్న. బీరువాలో ఐదు స్టాప్‌వాచ్‌లు దొరికాయి, ఒక్కటీ నడవడం లేదు. సోమవారం మొదటి ప్రాక్టికల్.

స్టాప్‌వాచ్ | డిసెంబరు 3, రాత్రి 10:58

వెనక నాలుగు స్క్రూలు ఉంటాయి, చిన్న స్క్రూడ్రైవర్ కావాలి. పాత సెల్లు తీసి దాని మీద ఉన్న నంబరు చూడండి, చాలావాటికి ఎల్‌ఆర్ 44 పడుతుంది. వాచీలు బాగుచేసే షాపులో దొరుకుతాయి. ఐదుకు బదులు పది కొనండి, బిల్లు మాత్రం తీసుకోవడం మరిచిపోకండి.